పాత పికప్‌కి కొత్త స్టీరింగ్: కాలమ్ నుంచి బాక్స్ దాకా షాఫ్ట్ కలపడం ఎలా

1947 మధ్య నుంచి 1955 మొదట్లో దాకా తయారైన షెవర్లే 3100 పికప్ బానెట్ ఎత్తి చూస్తే స్టీరింగ్ సంగతి ఒక్క చూపులో అర్థమవుతుంది. స్టీరింగ్ చక్రం దగ్గర మొదలైన ఇనుప కడ్డీ నేరుగా స్టీరింగ్ బాక్స్ (చక్రం తిప్పుడును ముందు టైర్ల వైపు అందించే గేర్ల పెట్టె) లోపలికే దిగుతుంది. మధ్యలో జాయింటు లేదు, ముడుచుకునే ఏర్పాటూ లేదు. ఎదురుగా ఏదైనా గట్టిగా గుద్దితే బాక్స్ వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు ఆ కడ్డీ డ్రైవర్ ఛాతీ మీదికి వస్తుంది. షెవర్లే మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్) 1967 మోడల్ కార్లలో దెబ్బ తగిలితే లోపలికి కుంచించుకుపోయే కాలమ్ (చక్రాన్ని పట్టి ఉంచే గొట్టం, దాని లోపలి షాఫ్ట్) తెచ్చింది. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో ప్యాసింజర్ కార్లకు ఫెడరల్ రూల్ కూడా వచ్చింది: గంటకు 30 మైళ్ల వేగంతో గోడను గుద్దినా కాలమ్ 5 అంగుళాలకు మించి వెనక్కి రాకూడదు.

అందుకే ఈ పాత ట్రక్కులను కస్టమ్‌గా తిరిగి కట్టేవాళ్లు చాలామంది ఒరిజినల్ సెట్టు మొత్తం తీసేసి, క్యాబిన్‌లో జీఎం టిల్ట్ కాలమ్ (చక్రాన్ని పైకీ కిందికీ వంచుకోగలిగేది), ఛాసిస్ మీద జీఎం వారి సాగినా పవర్ స్టీరింగ్ బాక్స్ పెడతారు. ఈ రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టినవి కావు. వాటి మధ్య ఉన్న ఖాళీని షాఫ్టుతో, యూనివర్సల్ జాయింట్లతో (వంపులో కూడా తిప్పుడును అందించే కీళ్లు) పూడ్చడమే ఇక్కడి పని.

మొదలుపెట్టే ముందు చట్టం గురించి ఒక మాట. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాడకం బండ్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. అంటే మీరు బిగించిన స్టీరింగును రోడ్డెక్కే ముందు ఇంకెవరూ చూడరు. మిగతా రాష్ట్రాల్లో రూల్స్ వేరు, ఎక్కడివాళ్లు అక్కడ చూసుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇలాంటిది చేద్దామనుకునేవాళ్లకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఆర్సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు. ముందు ఆర్టీఏ ఆఫీసులో కనుక్కుని, తర్వాతే రెంచి పట్టుకోండి.

1. జాయింట్లు చివర్లో కొనాలి

ఎక్కువమంది చేసేది దీనికి తలకిందులు. నచ్చిన కాలమ్ కొంటారు, ఆఫర్లో ఉందని జాయింట్ల కిట్ కొంటారు, తర్వాత అవి బండిలో పట్టవు. సరైన వరుస ఇది.

మొదట బాక్స్. షాఫ్టుకు వీలుగా ఉందని బాక్సును పక్కకు జరపకూడదు. దాని చోటును నిర్ణయించేది పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ కింద ఊగే చేయి), డ్రాగ్ లింక్ (ఆ చేతి నుంచి టైర్ల వైపు పోయే కడ్డీ). ఆ లెక్క తప్పితే గతుకు ఎక్కిన ప్రతిసారీ బండి తనంతట తానే పక్కకు లాగుతుంది. బ్రాకెట్ ఛాసిస్‌కి పూర్తిగా బిగిశాకే ముందుకు వెళ్లాలి.

తర్వాత ఇంజన్, దాని ఎగ్జాస్ట్ మానిఫోల్డుతో (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు) సహా. ఎడమ చేతి డ్రైవింగ్ బండిలో, వీ8 ఇంజన్ పెడితే, షాఫ్ట్ దిగాల్సిన దారిలోనే ఎడమవైపు మానిఫోల్డ్ ఉంటుంది. "హెడర్లు (మానిఫోల్డు బదులు పెట్టే పొగ గొట్టాలు) తర్వాత పెట్టుకుందాంలే" అనుకుంటే ఈ పని రెండోసారి చేయాల్సి వస్తుంది.

ఆపైన క్యాబిన్, రబ్బరు మౌంట్ల మీద అసలు బోల్టులతోనే. పెడల్స్, బ్రేక్ బూస్టర్ కూడా ఉండాలి. సీటు పెట్టి, అందులో కూర్చుని, చక్రం ఎక్కడుంటే చేతులకు హాయిగా ఉంటుందో చూసుకుని అప్పుడు కాలమ్ ఎత్తు తేల్చండి. కాలమ్‌కి రెండు చోట్ల పట్టు కావాలి: డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్ ఒకటి, నేల దగ్గర ప్లేటు ఒకటి. డ్యాష్ రేకు పలచగా ఉంటే వెనక నుంచి బలం ఇవ్వాలి. టిల్ట్ కాలమ్ బరువు తక్కువేం కాదు, పైగా ట్రక్కు ఎక్కే ప్రతివాడూ చక్రం పట్టుకునే ఎక్కుతాడు. కింద షాఫ్ట్ కొస ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ) బయటికి అంగుళం, రెండంగుళాలు కనిపిస్తే చాలు. మరీ పొడుగ్గా వదిలితే మొదటి జాయింటు ఇంజన్ వైపు పోతుంది, కోణం పాడవుతుంది.

జంక్‌యార్డు నుంచి తెచ్చిన కాలమ్ అయితే ఒక జాగ్రత్త. లోపలి షాఫ్ట్ రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. వాటిని కదలకుండా పట్టి ఉంచేది చిన్న ప్లాస్టిక్ పిన్నులు మాత్రమే. దెబ్బ తగిలినప్పుడు తెగడం కోసమే వాటిని పెట్టారు. తుప్పు పట్టిన జాయింటు ఊడటం లేదని షాఫ్ట్ చివర సుత్తితో కొట్టారంటే ఆ పిన్నులు తెగుతాయి. బయటికి ఏమీ కనిపించదు, షాఫ్ట్ మాత్రం పైకీ కిందికీ జారుతుంది. కాలమ్ కొనేటప్పుడే కొస పట్టుకుని లాగి, నెట్టి చూడండి. కదిలితే అక్కడే వదిలేసి రండి.

2. పళ్లు లెక్కపెట్టడం

జాయింటు ఆర్డర్ చేయాలంటే రెండు కొసల కొలతలు కావాలి. పైన కాలమ్ కొస: చాలావాటిలో ఒక అంగుళం డీడీ, అంటే గుండ్రటి కడ్డీకి ఎదురెదురుగా రెండు వైపులు చదును చేసిన ఆకారం. లేదా అంగుళం వ్యాసం మీద 48 పళ్లు (కొస చుట్టూ పొడవునా చెక్కిన సన్నటి గట్లు). కింద బాక్స్ కొస: సాగినా బాక్సుల్లో తరచూ కనిపించేవి ముప్పావు అంగుళం 30 పళ్లు, ముప్పావు అంగుళం 36 పళ్లు, 13/16 అంగుళం 36 పళ్లు. మీరు బాక్స్ బదులు ఫోర్డ్ మస్టాంగ్-2 కారు మాన్యువల్ ర్యాక్ (పవర్ లేని, అడ్డంగా కదిలే పళ్ల కడ్డీ స్టీరింగ్) పెట్టి ఉంటే అది 9/16 అంగుళం 26 పళ్లు.

ముప్పావుకీ 13/16కీ తేడా అంగుళంలో పదహారో వంతు. కంటితో తేలదు, టేపుతోనూ తేలదు. వెర్నియర్ క్యాలిపర్ కావాల్సిందే. పళ్ల కొనల మీద అడ్డంగా కొలవండి, లోయల్లో కాదు. వైర్ బ్రష్‌తో మురికి పూర్తిగా పోయాకే కొలత తీయండి, గడ్డకట్టిన గ్రీజు కూడా కొలతను తప్పిస్తుంది.

పళ్ల లెక్కకు ఇంట్లో ఉన్న నెయిల్ పాలిష్ బాగా పనికొస్తుంది. ఒక పన్ను మీద చుక్క పెట్టి, గుండుసూది మొనతో ఒక్కో పన్నూ తాకుతూ లెక్కపెట్టండి. కొన్ని బాక్సుల కొస మీద ఒక పక్క చదునుగా ఉంటుంది, అక్కడ పళ్లుండవు. అప్పుడు పళ్లున్న వైపు సరిగ్గా సగం చుట్టు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. 15 వస్తే 30, 18 వస్తే 36. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టండి. 30 పళ్ల షాఫ్ట్ మీదికి 36 పళ్ల జాయింటును సుత్తితో దింపాలని చూసేవాళ్లున్నారు, దాంతో రెండూ పోతాయి.

అదే కొస మీద చుట్టూ గాడి ఉందేమో చూడండి. గాడి ఉంటే జాయింటుకు అడ్డంగా దూరే పించ్ బోల్టు ఆ గాడిలోంచే పోవాలి. బిగింపు కాస్త వదులైనా జాయింటు జారిపోకుండా ఆపేది అదే.

3. చెక్క కర్రతో దారి చూడటం

ఇక్కడికి వచ్చినా ఇంకా ఏమీ కొనలేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ముప్పావు అంగుళం గుండ్రటి చెక్క కర్ర తెచ్చి, కాలమ్ కొస నుంచి బాక్స్ కొస దాకా తీగలతో కట్టి నిలబెట్టండి. ఒకే కర్ర నేరుగా పోతే రెండు జాయింట్లతో పని అయిపోతుంది. మానిఫోల్డ్ తగిలితే కర్రను రెండు ముక్కలు చేసి వంపు తిప్పాలి, అప్పుడు మూడు జాయింట్లు. మూడు పెట్టే ముందు కాలమ్‌ను అర అంగుళం అటో ఇటో జరిపి, రెండింటితో ముగించగలమా అని గట్టిగా ప్రయత్నించండి. డ్యాష్ బ్రాకెట్ కింద పలచటి వాషర్లు వేస్తే ఒక్కోసారి సరిపోతుంది. మూడో జాయింటుతో పాటు ఖర్చు, ప్లే (వదులు కదలిక), ఇంకో బ్రాకెట్ వస్తాయి. ఎగ్జాస్టుకీ షాఫ్టుకీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ చూసుకోండి. కుదరకపోతే మధ్యలో హీట్ షీల్డు పెట్టాలి, జాయింటులోని గ్రీజు వేడికి ఎండిపోతుంది.

కర్ర నిలబడ్డాక ఒక్కో జాయింటు దగ్గర ఎంత కోణం వస్తోందో కొలవాలి. నీడిల్ బేరింగ్ (సూదుల్లాంటి సన్నటి రోలర్లున్న బేరింగు) సింగిల్ జాయింటు సాధారణంగా 35 డిగ్రీల దాకా తిరుగుతుంది. నా లెక్క మాత్రం 30 దాటనివ్వద్దు అనే. దాటితే డబుల్ జాయింటు వాడాలి, అది 70 దాకా వెళుతుంది. పాత రబ్బరు కప్లింగు ఈ కోణాలను తట్టుకోదు. రెండు కొసలూ దాదాపు ఒకే గీతలో ఉన్నప్పుడు కుదుపు తగ్గించడానికి తప్ప దాన్ని వంపు తిప్పడానికి వాడకూడదు.

కోణం కొలిచేటప్పుడు అందరూ పొరపడే చోటు ఒకటుంది. పక్క నుంచి చూస్తే 25 డిగ్రీలు, పై నుంచి చూస్తే 20 డిగ్రీలు కనిపించాయనుకోండి. "పెద్దది 25, పర్లేదు" అనుకుంటారు. కానీ జాయింటుకు తగిలేది రెండూ కలిసిన కోణం, అది దాదాపు 31. కాబట్టి పక్క, పై కొలతలు విడివిడిగా నమ్మకుండా, రెండు కర్రలూ కలిసే చోట వాటి మీదే కోణమానిని ఆనించి నేరుగా కొలవండి. మొత్తం వంపును జాయింట్ల మధ్య వీలైనంత సమానంగా పంచాలి. ఒకటి 30, ఇంకోటి 8 కంటే రెండూ 19 ఉంటే చక్రం ఎంతో నున్నగా తిరుగుతుంది.

4. ఏమేం ఆర్డర్ చేయాలి

మధ్య షాఫ్టుకు పళ్లున్న కడ్డీ, డీడీ కడ్డీ రెండూ దొరుకుతాయి. ఇంట్లో పని చేసేవాళ్లు డీడీ తీసుకోండి. మామూలు కటింగ్ వీల్‌తో కావలసిన చోట కోసుకోవచ్చు, తిప్పి పెట్టే అవకాశం రెండే విధాలు కాబట్టి పొరపాటూ తక్కువ.

ఒకే ముక్క కడ్డీ వద్దు. ముప్పావు డీడీ కడ్డీ అంగుళం డీడీ గొట్టంలో జారుతూ దూరుతుంది. ఆ జత తీసుకోండి. గుద్దుకున్నప్పుడు ముడుచుకోవడం ఒక కారణం. రెండోది రోజూ జరిగేది: క్యాబిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, ఛాసిస్ గతుకుల్లో మెలి తిరుగుతుంది, రెంటి మధ్య దూరం క్షణక్షణం మారుతుంది. షాఫ్ట్ జారకపోతే ఆ తోపు మొత్తం బాక్స్ బేరింగు మీద పడుతుంది.

అప్పుడు ఆర్డర్ ఇలా ఉంటుంది: పై జాయింటు ఒక పక్క కాలమ్‌కి సరిపడా, రెండో పక్క అంగుళం డీడీ. కింది జాయింటు ఒక పక్క ముప్పావు డీడీ, రెండో పక్క బాక్స్ పళ్లకు సరిపడా. గొట్టాన్ని పైన, కడ్డీని కింద పెడితే గొట్టం నోరు కిందికి ఉంటుంది, నీళ్లు నిలవవు. సాకెట్ సెట్‌లో వచ్చే యూనివర్సల్ జాయింటును, ట్రాక్టరు సామాను జాయింటును స్టీరింగుకు వాడే ఆలోచన ఉంటే మానుకోండి. స్టీరింగ్ కోసం అని చెప్పి అమ్మేవే వాడాలి.

వెల్డింగ్ మాట కూడా ఇక్కడే. జాయింటును షాఫ్టుకు వెల్డ్ చేయడం పాత పద్ధతి, చేయి తిరిగినవాళ్లు ఇప్పటికీ చేస్తారు. వేడికి నీడిల్ బేరింగు పాడవుతుంది, లోపల పూర్తిగా కరగని వెల్డు బయటికి అందంగానే కనిపిస్తుంది. బోల్టుతో బిగించే సామాను ఇంత దొరుకుతున్నప్పుడు ఆ టెన్షన్ ఎందుకు?

5. కోయడం, గుంట వేయడం

జాయింట్లు రెండు కొసలకూ తొడిగి, వాటి నోటి అంచుల మధ్య దూరం కొలవండి. 14 అంగుళాలు వచ్చి, ఒక్కో జాయింటులోకి అంగుళం దిగుతుందనుకుంటే షాఫ్ట్ మొత్తం 16. గొట్టం, కడ్డీ జత కాబట్టి ఒకదాంట్లో ఒకటి ఎంత దూరి ఉండాలో తయారీదారు చెప్పిన కనీస కొలత పాటించి, ఆపైన ఇంకా లోపలికి జారడానికి చోటు మిగల్చాలి. కాస్త పొడుగ్గా కోసి ఆకురాయితో తగ్గించుకోవచ్చు. పొట్టిగా కోసినదాన్ని పెంచలేరు. కోసిన అంచు గరుకు తీసేయండి, లేకపోతే జాయింటులోకి సగం దిగి ఇరుక్కుంటుంది.

షాఫ్ట్ కొస జాయింటు లోపలి అంచుకు సమంగా ఆగాలి. అంతకంటే ముందుకు వస్తే మధ్యలో ఉన్న క్రాసుకు (జాయింటు రెండు సగాలను కలిపే కూడిక గుర్తు ఆకారపు ముక్క) తగులుతుంది. నేరుగా పెట్టి చూస్తే తగలదు, వంచి తిప్పితేనే తెలుస్తుంది. వంచి చుట్టూ తిప్పి చూడండి.

సెట్ స్క్రూ (జాయింటు పక్క నుంచి దిగి కడ్డీని నొక్కి పట్టే స్క్రూ) విషయం తేలిగ్గా తీసుకోవద్దు. నున్నటి కడ్డీ మీద స్క్రూ మొన ఎంత బిగించినా జారగలదు. స్క్రూ బిగిస్తే కడ్డీ మీద చిన్న మచ్చ పడుతుంది. కడ్డీ బయటికి తీసి, ఆ మచ్చ మీదే స్క్రూ మొనకు సరిపడే డ్రిల్లుతో లోతు తక్కువగా గుంట వేయండి, అవతలికి పోయేలా కాదు. తిరిగి అమర్చేటప్పుడు మరలకు అంటిన నూనె తుడిచేసి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ చుక్క వేసి, స్క్రూ మొన గుంటలో కూర్చున్నాక పైన లాక్ నట్టు బిగించాలి. గుంటలో దిగిన స్క్రూ పక్కలకు కదలదు.

6. ఫోర్కుల వరుస

వంపులో ఉన్న జాయింటు తిప్పుడును ఉన్నదున్నట్టు అందించదు. 30 డిగ్రీల వంపులో మీరు చక్రం ఒకే వేగంతో తిప్పినా, అవతలి కొస ఒక చుట్టులో రెండుసార్లు 0.87 రెట్లకు తగ్గి, రెండుసార్లు 1.15 రెట్లకు పెరుగుతుంది. రెండో జాయింటు కూడా అంతే వంపులో ఉంటే దీన్ని సరిగ్గా వ్యతిరేకంగా చేసి సమం చేస్తుంది. దానికి షరతు: మధ్య షాఫ్ట్ రెండు చివర్లా ఉన్న ఫోర్కుల (క్రాసును పట్టుకునే, రెండు చెవులున్న జాయింటు సగాలు) చెవులు ఒకే గీతలో ఉండాలి. పావు చుట్టు తప్పితే సమం చేయాల్సింది పోయి హెచ్చిస్తుంది, అప్పుడు తేడా 0.75 నుంచి 1.33 దాకా పోతుంది. చక్రం ఒకచోట తేలిగ్గా, ఒకచోట బరువుగా తిరుగుతుంది. చాలామంది దీన్ని పంపు లోపమనో బాక్స్ లోపమనో అనుకుని అవి మార్చేస్తారు.

డీడీ జత వాడితే సాధారణంగా ఫోర్కులు వాటంతట అవే వరుసలో పడతాయి. అయినా షాఫ్ట్ పొడవునా చూసి నిర్ధారించుకోండి. పళ్ల షాఫ్ట్ అయితే ఒక్క పన్ను తేడా కూడా కంటికి కనిపించేలా మార్కు పెట్టుకోవాలి.

మూడు జాయింట్లు తప్పనిసరైతే మధ్యలో రెండు షాఫ్టులు గాలిలో వేలాడుతుంటాయి. చక్రం తిప్పితే అవి తిరగడానికి బదులు పక్కకు వంగిపోతాయి. అందుకే మధ్య జాయింటుకు దగ్గరగా ఒక రాడ్ ఎండ్ బేరింగు (మరల కాడ చివర కన్ను లాంటి బేరింగు) పెట్టి, దాన్ని ఛాసిస్‌కి బిగించాలి. ఫెండర్ రేకుకు కాదు. ముప్పావు బెజ్జం ఉన్న రాడ్ ఎండ్‌లో ముప్పావు డీడీ కడ్డీ సరిగ్గా కూర్చుంటుంది. ముందే బిగించేయకుండా, లూజుగా ఉంచి చక్రం ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పుతూ ఎక్కడ పట్టేయకుండా తిరుగుతుందో అక్కడ బిగించండి. జారే జత ఈ బేరింగుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండాలి.

7. సెంటర్ చేయడం

చివరగా అమర్చే ముందు బాక్సును నడిమధ్యకు తేవాలి. డ్రాగ్ లింక్ విడిగా ఉన్నప్పుడే బాక్స్ కొసను ఒక వైపు ఆగేదాకా నెమ్మదిగా తిప్పి, అక్కడి నుంచి రెండో చివరికి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. చివర్లలో ఢీకొట్టించవద్దు. చాలా సాగినా బాక్సుల్లో నడిమధ్యన కొస మీది చదును పైకి చూస్తుంది. ముందు టైర్లు నేరుగా పెట్టి, అప్పుడు లింక్ కలపాలి.

కాలమ్‌కూ ఒక మధ్య ఉంటుంది. ఇండికేటర్ రెండు వైపులా సమానంగా తిరిగాకే ఆఫ్ అయ్యే స్థానం అది. చక్రం వంకరగా ఉందని చక్రాన్ని మాత్రం ఊడదీసి తిప్పి పెడితే, ఇండికేటర్ ఒక వైపు ముందే ఆగిపోతుంది, ఇంకో వైపు ఆగనే ఆగదు. చిన్న తేడాను డ్రాగ్ లింక్ సర్దుబాటుతో సరిచేయండి.

8. రోడ్డెక్కే ముందు

ముందు భాగం జాకీ స్టాండ్ల మీద ఎత్తి, ఇంజన్ ఆపి, చక్రం పూర్తిగా అటూ ఇటూ తిప్పండి. ఒకరు క్యాబిన్‌లో, ఒకరు బానెట్ దగ్గర. బానెట్ దగ్గరున్నవాళ్లు సెట్ స్క్రూలు బ్రేక్ పైపుకో వైరుకో తగులుతున్నాయేమో చూడాలి, అవి షాఫ్ట్ కంటే బయటికి పొడుచుకుని ఉంటాయి. తర్వాత బండి కిందికి దించి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి డ్రైవ్‌లోకీ రివర్సులోకీ మార్చి చూడండి. ఇంజన్ మౌంట్ల మీద ఒరిగినప్పుడు మానిఫోల్డ్ షాఫ్ట్ దగ్గరికి వస్తుంది.

ఈలోగా హారన్ మోగలేదంటే కంగారు పడక్కర్లేదు. హారన్ సర్క్యూట్‌కి ఎర్త్ కాలమ్ ద్వారా అందుతుంది. పెయింట్ వేసిన బ్రాకెట్లు, రబ్బరున్న జాయింటు ఆ దారిని తెంచేస్తాయి. కాలమ్ నుంచి బాడీకి ఒక ఎర్త్ వైరు వేస్తే సరిపోతుంది.

ప్రతి లాక్ నట్టు మీద, పక్కన జాయింటు మీద కలిపి పసుపు పెయింట్ మార్కరుతో ఒక గీత గీయండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా నడిపి, మలుపు తర్వాత చక్రం తనంతట తాను మధ్యకు వస్తోందా చూడండి. రాకపోతే షాఫ్ట్ ఎక్కడో పట్టేస్తుండవచ్చు, మళ్లీ జాయింట్ల కోణం దగ్గరికి వెళ్లాలి. మొదటి 100 మైళ్లు తిరిగాక టార్చి వేసి గీతలన్నీ చూసి, ఏదైనా గీత తెగి పక్కకు జరిగి ఉంటే ఆ జాయింటు ఊడదీసి గుంట దగ్గర నుంచి పని మళ్లీ చేయండి.